బస్సు తలుపు: కృష్ణా డెల్టాలో ఎవరి లెక్కన మారింది?

ఉయ్యూరుకు రైలు లేదు. 1908లో బెజవాడ నుంచి బందరుకు వేసిన రైలుమార్గం ఉప్పులూరు, గుడివాడ, పెడనల మీదుగా వెళ్లింది. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు ఆ పట్టాలకు దక్షిణాన ఉండిపోయాయి. అందుకే ఈ ఊళ్లవాళ్లు బెజవాడ ఆసుపత్రికి వెళ్లాలన్నా, బందరు కోర్టుకు పోవాలన్నా, పిల్లలు కాలేజీకి వెళ్లి రావాలన్నా తరతరాలుగా బస్సే దిక్కు. విజయవాడ నుంచి ఉయ్యూరుకు సుమారు 30 కిలోమీటర్లు. ఈ రోడ్డు మీద తిరిగే బస్సుకు ఇంజను మారింది, యజమాని మారాడు, రంగు మారింది, టికెట్టు మారింది. వీటన్నిటి గురించీ ఎవరో ఒకరు రాశారు. బస్సు తలుపు గురించి మాత్రం పట్టించుకున్నవాళ్లు తక్కువ. ప్రయాణికుడికి బస్సుతో మొదటి పరిచయం ద్వారం దగ్గరే, ప్రమాదం వస్తే చివరి ఆశా దాని మీదే. నా వాదన ఇది: డెల్టాలో బస్సు ద్వారం ఎప్పుడు ఎటు జరిగినా, దాన్ని జరిపింది ఇంజను, టికెట్టు, జీతాల లెక్కలే. ఎక్కి దిగేవాళ్ల కాళ్లను బట్టి అది మారిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పాత ప్యాసింజరు బస్సును మరో పనికి మార్చేటప్పుడు ఈ నిజం ఇంకా స్పష్టంగా బయటపడుతుంది.

బస్సుకు ముందు ఇక్కడ పడవ ఉంది. 1852లో మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట పొలాలకు నీరిచ్చింది, దాంతోపాటు ఊళ్లకు దారీ ఇచ్చింది. కాలువలు సాగుకే కాదు, రవాణాకు కూడా పనికిరావాలన్నది ఆర్థర్ కాటన్ పట్టుదల. బందరు కాలువ, ఏలూరు కాలువ, బ్యాంకు కాలువల్లో ధాన్యమూ మనుషులూ పడవల మీదే కదిలారు. గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగితే నడిచే ఆ పడవలకు ద్వారమంటూ ఏమీ లేదు. రేవులో గట్టుకూ పడవ అంచుకూ మధ్య ఒక బల్ల వేస్తే అదే ద్వారం. నీటిమట్టం పెరిగినా తగ్గినా బల్ల వాలు మారేది, అంతే. ముసలివాళ్లు చెయ్యి పట్టుకుని నడిచి వెళ్లగలిగేవారు. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి నుంచి కొల్లిపర వరకు కాలువలో పడవ గ్రంథాలయం నడిపించారు. మనుషుల్నీ సరుకుల్నీ మోసే వాహనం పుస్తకాలు మోసేదిగా మారడం మన డెల్టాకు తొంభై ఏళ్ల నాటి సంగతన్నమాట. పాఠకుడు పడవను వెతుక్కుంటూ పోనక్కర లేకుండా పడవే గట్టు దగ్గరకు వచ్చేది. వాహనాన్ని మరో పనికి మార్చేటప్పుడు ముందుగా ఆలోచించాల్సింది దాని దగ్గరకు వచ్చేవాడి గురించేనన్న తెలివి అందులో ఉంది.

మోటారు బస్సు వచ్చాక ఆ తెలివి వెనక్కి పోయింది. తొలి బస్సులు చాలావరకు లారీ చాసిస్ మీద కట్టినవే. చాసిస్ పరాయి దేశం నుంచో, తర్వాత మద్రాసు, జంషెడ్‌పూర్‌ల నుంచో వచ్చేది. దాని మీద బాడీ కట్టేది మన వడ్రంగి. టేకు చెక్కతో చట్రం, పైన రేకు, లోపల బల్లలు, కిటికీలకు అద్దాల బదులు తెరలు. ఇంజను ముందుకు పొడుచుకు వచ్చిన ముక్కు బస్సుల్లో ముందు చక్రాలకు ముందు మనిషి ఎక్కడానికి చోటే లేదు. అందుకని ద్వారం ముందు చక్రం వెనకైనా పెట్టాలి, బండి చివరైనా పెట్టాలి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు కటకట వచ్చి బొగ్గు బస్సులు వచ్చాయి. బొగ్గు మండించి గ్యాసు పుట్టించే పెద్ద డబ్బాను బండికి తగిలించి, బయల్దేరే ముందు క్లీనరు చేత్తో తిప్పి గాలి ఊదాల్సి వచ్చేది. ఆ రోజుల్లో బస్సును నడిపించడమే గగనం, ఎక్కేవాళ్ల సౌకర్యం ఎవరికీ పట్టలేదు. ఆ కాలాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ద్వారం ఎక్కడుండాలో తేల్చింది ఇంజను ఉన్న చోటని గుర్తుంచుకోవాలి. సరుకు మోసే చాసిస్ నేల నుంచి ఎత్తుగా ఉంటుంది. దాని మీద గది కడితే ఎక్కడానికి మూడు మెట్లు కావాలి, మొదటి మెట్టు మోకాలి ఎత్తున ఉంటుంది. లారీ కోసం పుట్టిన ఆ ఎత్తు ఈ రోజుకీ మన పల్లె బస్సును వదల్లేదు.

1939 నాటి మోటారు వాహనాల చట్టం పర్మిట్ల పద్ధతిని దేశమంతటా స్థిరపరిచింది. ఏ రూట్లో ఎవరు తిరగాలి, ఎన్ని ట్రిప్పులు వేయాలి అన్నది ప్రభుత్వం చేతిలోకి వెళ్లింది. కృష్ణా జిల్లాలో బస్సు వ్యాపారం అప్పటికే బలంగా వేళ్లూనుకుని ఉంది. ఎంత బలంగా అంటే, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడి ఈ జిల్లా రూట్లను జాతీయం చేయబోతే ఇక్కడి యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. దేశంలో న్యాయశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ ఇప్పటికీ చదివే గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసు అదే. అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ కార్యదర్శి, తీర్పు ఇచ్చింది మంత్రి. ఒకరు విని మరొకరు తీర్పు చెబితే అది విచారణే కాదని 1958 నవంబరులో జస్టిస్ కోకా సుబ్బారావు ఉన్న ధర్మాసనం ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఆ తర్వాత ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి స్వయంగా అభ్యంతరాలు విన్నారు. ఆయనకు పక్షపాతం ఉందంటూ యజమానులు మళ్లీ కోర్టుకెక్కితే, 1959లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. బెజవాడ, బందరు రోడ్ల మీద బస్సుల గురించి జరిగిన ఆ పోరాటం దేశానికే ఒక న్యాయసూత్రాన్ని ఇచ్చింది. విన్నవాడే తీర్పు చెప్పాలన్న ఆ సూత్రం గొప్పది. వాదన అంతా మాత్రం పర్మిట్ల మీద, రూట్ల మీద, యజమానుల హక్కు మీద. బస్సులో కూర్చునేవాడి మాట ఆ పోరాటంలో ఏ పక్షానా ప్రధానం కాలేదు.

తెలంగాణ వైపు కథ కొంత భిన్నంగా నడిచింది. నిజాం రాష్ట్ర రైల్వేల్లో భాగంగా 1932లో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా విభాగం మొదలైంది. ఆ తొలి కాలానికి చెందిన 19 సీట్ల ఆల్బియన్ బస్సును హైదరాబాద్ బస్ భవన్‌లో భద్రపరిచారు. అది మొదటినుంచీ సర్కారు సంస్థ. మన వైపు మాత్రం ప్రైవేటు యజమాని చేతిలోంచి సర్కారు చేతిలోకి మారడం ఒక యుద్ధంలా జరిగింది. అయినా రెండు వైపులా బస్సు బాడీ ఒకే నమూనాకు వచ్చి చేరింది, ఎందుకంటే చాసిస్ ఒకటే, దాన్ని నడిపే పద్ధతీ ఒకటే. డ్రైవరు ముందు, కండక్టరు వెనక. ద్వారం ఎక్కువగా వెనక చక్రాల దాపున. ఈ అమరిక వెనక ఉన్న తర్కాన్ని తక్కువగా చూడకూడదు. వెనక ఇరుసుకు ఆవల ద్వారం ఉంటే ఫుట్‌బోర్డు మీంచి జారినవాడు చక్రం కింద పడే అవకాశం తక్కువ. కండక్టరు ద్వారం పక్కనే నిలబడితే ఎక్కినవాడికి అక్కడే టికెట్టు కొట్టవచ్చు, ముసలామె రెండో కాలు పైన పెట్టిందో లేదో చూసి "రైట్ రైట్" అనవచ్చు, ఎవరైనా పరిగెత్తుకొస్తుంటే "హోల్డాన్" అని బండి ఆపవచ్చు. ద్వారానికి తలుపు ఉన్నా లేకపోయినా దాన్ని కాచుకునే మనిషి ఒకడు ఉండేవాడు. నా దృష్టిలో మన బస్సుల చరిత్రలో ప్రయాణికుడికి దక్కిన అన్నిటికన్నా మంచి ద్వారం అదే, ఆ మనిషి వల్ల.

తర్వాత ఇంజను డ్రైవరు పక్కకు వచ్చింది, బస్సు మూతి చదునైంది, ముందు ఇరుసుకు ముందు కాస్త చోటు మిగిలింది. అక్కడ ద్వారం పెట్టడం సాధ్యమైంది. సాధ్యమైనంత మాత్రాన ఏదీ జరిగిపోదు, దాని అవసరం ఎవరికో ఒకరికి ఉండాలి. ఆ అవసరం దూరప్రాంతపు సర్వీసులతో వచ్చింది. బస్టాండులోనే టికెట్లు ఇచ్చేసి, దారిలో డ్రైవరే టిమ్ మిషనుతో టికెట్టు కొట్టే పద్ధతి వచ్చాక కండక్టరు అక్కర్లేకపోయాడు. ఇద్దరి పని ఒకరు చేస్తే జీతం ఖర్చు తగ్గుతుంది. కానీ ఒక్కడే ఉన్న బండిలో వెనక ద్వారాన్ని ఎవరు చూస్తారు? డ్రైవరు కళ్లకు ఎదురుగా, చేతికి అందేంత దూరంలో ద్వారం ఉండాలి. అలా ద్వారం ముందుకు వచ్చింది, దాంతోపాటు గాలి ఒత్తిడితో తెరుచుకునే మడత తలుపు వచ్చింది. బ్రేకులకు గాలి ఇచ్చే సిలిండర్ల నుంచే దానికీ గాలి, డ్రైవరు ముందున్న మీటతో దాని తాళం. ఈ మార్పును సౌకర్యమని చెప్పుకున్నాం. కొంత నిజమే, ఏసీ బస్సుకు మూసే తలుపు లేకపోతే ఏసీ ఎందుకు? కానీ మార్పుకు మూలం కండక్టరు సీటు ఖాళీ కావడం. ముందు ద్వారం ఉన్న మామూలు బస్సుల్లో ఎక్కగానే కుడిపక్క ఇంజను మీది బానెట్ అడ్డం. పండగ రోజుల్లో దాని మీద నలుగురు కూర్చుంటారు. మెట్టెక్కినవాళ్లు ఆ కాళ్ల మధ్యలోంచి లోపలికి దూరాలి. ద్వారం ఎక్కడ ఉండాలో ఎక్కేవాళ్లను అడిగి ఉంటే ఆ ఇరుకులో పెట్టమని ఎవరూ అనరు.

ఈ వాదనకు ఎదురు ఉదాహరణలు లేవా అంటే ఉన్నాయి. హైదరాబాద్ సిటీ బస్సుల్లో ముందు ద్వారం ఆడవాళ్లకు, వెనక ద్వారం మగవాళ్లకు అన్న అలవాటు ఏళ్ల తరబడి నడిచింది. లోపల ఇద్దరి మధ్యా జారుడు తలుపుతో అడ్డుకట్ట కూడా పెట్టారు. అది ఎక్కేవాళ్ల భద్రత కోసం చేసినదే. జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం కింద విజయవాడకు కొత్త సిటీ బస్సులు వచ్చిన కాలానికి కేంద్రం 2008లో పట్టణ బస్సులకు ప్రమాణాలు రాసింది. బస్సు లోపలి నేల ఎత్తు 400, 650, 900 మిల్లీమీటర్లుగా మూడు రకాలని అందులో ఉంది. లారీ చాసిస్ మీద కట్టిన మామూలు బస్సు నేల మీటరుకు పైనే ఉంటుంది కాబట్టి ఈ తేడా ఎంత పెద్దదో ఊహించవచ్చు. వెడల్పైన ద్వారాలు, డ్రైవరు మీటతో మూసుకునే తలుపులు, చక్రాల కుర్చీకి చోటు, ఇవన్నీ ప్రయాణికుడిని చూసి రాసిన అంకెలు. నేను ఈ ఉదాహరణలను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ రెండూ నగరం హద్దు దాటలేదు. పెనమలూరు దాటి కంకిపాడు, ఉయ్యూరు వైపు నడిచే పల్లెవెలుగు బస్సుకు ఆ 400 మిల్లీమీటర్ల నేల రాలేదు. నగరంలో కూడా గాలి తలుపు మరమ్మతుకు వస్తే దాన్ని తెరిచే కట్టేసి తిప్పడం చాలా చోట్ల మామూలైంది. బ్రేకు పాడైతే బండి డిపో దాటదు, తలుపు పాడైతే దాటుతుంది. ఆ రెండిటికీ ఉన్న తేడాలోనే మన ప్రాధాన్యం ఏమిటో తెలుస్తుంది.

ఇక బస్సు మరో అవతారం ఎత్తే సందర్భాలకు వద్దాం. కిలోమీటర్లు తిరిగి తిరిగి ప్రయాణికులకు పనికిరాదనుకున్న బస్సు వెంటనే తుక్కుకు పోదు. 2020లో తెలంగాణ ఆర్టీసీ పాత బస్సులను కార్గో బండ్లుగా మార్చింది, మహిళలకు సంచార మరుగుదొడ్లుగా కూడా కొన్నిటిని మార్చారు. అదే ఏడాది కరోనా లాక్‌డౌన్‌లో విజయవాడలో ఆర్టీసీ బస్సులు సంచార రైతు బజార్లయ్యాయి, జులైలో ఇంద్ర ఏసీ బస్సులు 'సంజీవని' పేరుతో కరోనా పరీక్షలు చేసే వాహనాలయ్యాయి. కష్టకాలంలో చేతిలో ఉన్న వనరును ఇంత త్వరగా మలిచిన ఆ పనివాళ్లను మనసారా మెచ్చుకోవాలి. అయితే ఈ ఉదాహరణలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. కార్గో బండిలో సీట్లు పీకేస్తారు, కిటికీలు మూసేస్తారు, బస్తాలు ఎక్కేటంత పెద్ద ద్వారం కోస్తారు. సరుకు లోపలికి పోకపోతే ఆదాయం లేదు కనుక అక్కడ ద్వారం గురించి మొదటే ఆలోచిస్తారు. మనుషులు ఎక్కాల్సిన మార్పుల్లో మాత్రం లోపల అరలు, బల్లలు, పరుపులు, తెరలు అన్నీ కొత్తవి, ద్వారం పాతది. సరుకుకు దక్కిన ఆలోచన మనిషికి దక్కడం లేదని ఇంతకన్నా సూటిగా చెప్పే సాక్ష్యం ఏముంటుంది?

ద్వారం మార్చడం చిన్న పని అనుకునేవాళ్లు ఒకసారి ఆ పని జరిగే తీరు గమనించాలి. విజయవాడ ఆటోనగర్ 1960ల నుంచి లారీలకు, బస్సులకు బాడీలు కట్టే పనికి పేరు మోసిన చోటు. పక్క రాష్ట్రాల బండ్లు కూడా ఇక్కడికి వచ్చి బాడీ కట్టించుకుపోతాయి. ద్వారం అంటే బస్సు పక్క గోడలో ఒక పెద్ద బొక్క. ఆ బొక్కకు రెండు పక్కలా నిలిచిన పిల్లర్లే పైకప్పు బరువును కిందికి దించాలి. పదేళ్లు తిరిగిన బండిలో ముందుగా చూడాల్సింది ఆ ద్వారం గడి దీర్ఘచతురస్రంగా ఉందా లేదా అన్నది. పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకు ఒకసారి, పై కుడి నుంచి కింది ఎడమకు మరోసారి టేపు పెట్టి కొలుస్తారు. రెండు కొలతలూ కలవకపోతే బాడీ వాలిందన్నమాట. అలాంటి గడికి కొత్త తలుపు తెచ్చి బిగిస్తే నాలుగు రోజులు రాపిడి పెడుతుంది, ఐదో రోజు ఇరుక్కుంటుంది. తర్వాత మెట్ల గూడు. వానాకాలంలో చెప్పుల బురద, నీళ్లు చేరేది అక్కడే కాబట్టి తుప్పు మొదట అక్కడే పుడుతుంది. బందరు వైపు తిరిగే బండ్లకు ఉప్పు గాలి తోడైతే చెప్పనక్కర్లేదు. పైకి రంగు నిగనిగలాడుతున్నా సుత్తితో తడితే పిల్లరు అడుగు పొడిపొడిగా రాలుతుంది. ఆ తుప్పంతా కోసేసి కొత్త స్క్వేర్ ట్యూబు వెల్డింగ్ చేయాలి, రేకు మార్చి రివెట్లు కొట్టాలి, కబ్జాలు సరిచూడాలి, రబ్బరు బీడింగు వేయాలి. తలుపు ఎటు తెరుచుకుంటుందన్నది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. లోపలికి మడుచుకునే తలుపు మెట్ల మీద చోటు తినేస్తుంది. బస్సును మార్చేవాళ్లు మెట్ల పక్కన కొత్త అడ్డుగోడో బెర్తో కడితే ఆ తలుపు సగమే తెరుచుకుంటుంది. పైన అత్యవసర వాల్వు ఉన్నా, దాని ముందు తెర వేలాడదీస్తే చీకట్లో ఎవరికి దొరుకుతుంది?

ఈ ప్రశ్న ఊహ కాదు. 2013 అక్టోబరు 30న బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ప్రైవేటు ఏసీ బస్సు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును గుద్దుకుని కాలిపోయి 45 మంది చనిపోయారు. పన్నెండేళ్ల తర్వాత, 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపరు బస్సు కింద మోటారు సైకిలు ఇరుక్కుని మంటలు లేచి 19 మంది ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. బతికినవాళ్లలో చాలామంది కిటికీ అద్దాలు పగలగొట్టుకుని బయటపడ్డారు. సీట్ల బస్సుగా రిజిస్టరైన ఆ బండి తర్వాత స్లీపరుగా మారిందని అప్పటి వార్తల్లో వచ్చింది. మంటకు కారణాలు వేరు, వాటి విచారణ వేరు. కానీ కూర్చున్న మనిషి లేచి నడవడానికి పట్టే సమయం వేరు, పై బెర్తులో నిద్రలో ఉన్న మనిషి దిగి ఇరుకు దారిలో తడుముకుంటూ రావడానికి పట్టే సమయం వేరు. సీట్ల బస్సుకు సరిపోతుందని పెట్టిన ద్వారం స్లీపరుకు కూడా సరిపోతుందని అనుకోవడమే అసలు తప్పు. లోపలి అమరిక మారితే బయటికి వచ్చే దారి లెక్క మొదటినుంచీ మళ్లీ వేయాలి.

దీనికి చట్టాలు లేవా అని అడుగుతారు. ఉన్నాయి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను రిజిస్ట్రేషన్ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. తయారీదారు ఇచ్చిన నమూనాకు భిన్నంగా మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. బస్సు బాడీలకు ఏఐఎస్-052 అనే కోడ్ ఉంది, ద్వారాలు, అత్యవసర మార్గాల గురించి అందులో వివరంగా రాశారు. అయినా పని జరగకపోవడానికి కారణం డబ్బు లెక్కలోనే ఉంది. కాంట్రాక్టు క్యారేజీకి పన్ను సీట్లను బట్టి, బెర్తులను బట్టి కడతారు. ఆదాయం కూడా వాటిని బట్టే వస్తుంది. కాబట్టి యజమానీ అధికారీ ఇద్దరూ లెక్కపెట్టేది సీట్లే. ద్వారం పక్కన రెండు అడుగుల ఖాళీ వదిలితే దానికి టికెట్టు రాదు, పన్నూ రాదు. ఆర్టీసీకి బండ్లు ఇచ్చే అద్దె బస్సుల యజమానుల దగ్గరా ఇదే చిక్కు. సంస్థ చెప్పిన కొలతలకు తగ్గట్టు బాడీ కడతారు, అంతకు మించి ఒక మెట్టు కిందికి దించడానికి వాళ్లకు పైసా లాభం లేదు. వాళ్లను దోషులుగా నిలబెట్టడం నా పని కాదు. లాభం లేని చోట నియమం ఉండాలి, నియమం ఉన్న చోట కొలిచి చూసే మనిషి ఉండాలి.

ఇంకో అభ్యంతరం బలమైనది, దాన్ని దాటేయకూడదు. పాత బస్సుకు తలుపే లేకపోతే ఇరుక్కునే ప్రశ్నే ఉండదు కదా, గాలి తలుపులూ వైర్లూ పెట్టి మనమే ఉచ్చు బిగించుకోలేదా అంటారు. పైగా డెల్టా ఉక్కపోతలో మూసిన తలుపు నరకమని, ప్రతి స్టాపులో తెరిచి మూస్తే ట్రిప్పు ఆలస్యమవుతుందని కూడా అంటారు. ఆలస్యం నిజమే, ఉక్కపోతా నిజమే. కానీ తలుపు లేని ద్వారం కాపాడింది ఎవరిని? కాలేజీ వేళల్లో ఫుట్‌బోర్డు మీద వేలాడే పిల్లల సంగతి అందరికీ తెలుసు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 123వ సెక్షను ఫుట్‌బోర్డు ప్రయాణాన్ని నిషేధించింది, కానీ లోపల చోటు లేని బస్సులో కాగితం మీది నిషేధం ఎవరిని ఆపుతుంది? తలుపు లేని బస్సు బాగుందని మనకు గుర్తుండటానికి కారణం తలుపు లేకపోవడం కాదు, ద్వారం దగ్గర కండక్టరు ఉండటం. ఆయన్ని తీసేసి తలుపు పెట్టాం. అలాంటప్పుడు ఆ తలుపు ఆయన చేసిన పని చేయాలి: ఎవరైనా మధ్యలో ఉంటే మూసుకోకూడదు, కరెంటు పోయినా గాలి పోయినా లోపలివాళ్ల చేత్తో తెరుచుకోవాలి, ఎలా తెరవాలో తెలుగులో పెద్ద అక్షరాలతో ఎదురుగా రాసి ఉండాలి. ఇది అసాధ్యమైన ఇంజనీరింగ్ కాదు. ఆటోనగర్‌లో ఏ మంచి మేస్త్రీని అడిగినా చేసి పెడతాడు, అడిగేవాళ్లే లేరు.

ఇప్పుడు అడగాల్సిన సమయం వచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంతో ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. టికెట్టు డబ్బు అనే అడ్డు తొలగింది, మోకాలి ఎత్తున ఉన్న మెట్టు అనే అడ్డు అలాగే ఉంది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో, సంచి మరో చేత్తో పట్టుకుని ఆ మెట్టెక్కే అరవై ఏళ్ల ఆవిడకు పట్టుకోవడానికి కమ్మీ కావాలి, దానికి ముందు కాలు పెట్టడానికి తక్కువ ఎత్తు మెట్టు కావాలి. ప్రభుత్వం 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులను తనలో కలుపుకుంది కాబట్టి బస్సు బాడీ నమూనా ఇప్పుడు నేరుగా ప్రభుత్వం బాధ్యతే. కొత్త బస్సులకు టెండరు పిలిచేటప్పుడు మెట్టు ఎత్తు, ద్వారం వెడల్పు, చేత్తో తెరిచే వాల్వు ఉండే చోటు మొదటి పేజీలో రాయాలి. పాత బస్సును దేనికి మార్చినా, ఆసుపత్రిగా మార్చినా స్లీపరుగా మార్చినా, లోపలి పని మొదలుపెట్టే ముందే ద్వారం కొలతలు రవాణా శాఖ అధికారి స్వయంగా చూసి సంతకం పెట్టాలి. పని పూర్తయ్యాక తలుపు మూసి, లోపలివాళ్ల చేత తెరిపించి చూడందే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వకూడదు. చదివేవాళ్లకు కూడా ఒక విన్నపం: ఈసారి రాత్రి బస్సెక్కినప్పుడు మీ బెర్తు నంబరు చూసుకునే ముందు అత్యవసర ద్వారం ఎక్కడుందో, దాన్ని తెరిచే పిడి ఎక్కడుందో చూడండి. కనిపించకపోతే డ్రైవర్ని అడగండి, ఆయనకూ తెలియకపోతే ఆ బండి దిగేయండి.